పెళ్లికొడుకు రెంచి పట్టకూడదు

వ్యాన్ మొదటిసారి దగ్గినప్పుడు జమాలుస్ మాస్టారు రేడియో శబ్దం పెంచారు. రెండోసారి దగ్గినప్పుడు దాన్ని కప్పిపుచ్చడానికి తానే గట్టిగా దగ్గారు. మూడోసారి దగ్గలేదు. వరిచేల మధ్య, నీడ అన్నది లేని చోట ఇంజిన్ చల్లగా ఆగిపోయింది.

టైము పది కావడానికి ఐదు నిమిషాలు.

పరియామన్ సముద్రపుటొడ్డున పెళ్లికొడుకుని ఎక్కించుకుని తొమ్మిది కిలోమీటర్లు వచ్చారు. సిచిన్చిన్ మసీదుకి ఇంకా పదకొండు ఉంది. పెళ్లి రాయించే అధికారి సరిగ్గా పదకొండింటికి లేచిపోతానని ముందే చెప్పాడు. ఆయనకి ఆ రోజు ఇంకో మూడు పెళ్లిళ్లున్నాయి. ఎల్లుండి నుంచి ఉపవాసాల నెల. ఇవాళ తప్పితే ఇక పండగ దాటాకే.

"ఏమయింది అన్నయ్యగారూ?" వెనక సీట్లోంచి రొస్నిదార్ అడిగింది. ఆవిడ పెళ్లికొడుకు పిన్ని. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పరియామన్ రేవు నుంచి కొండ ఊళ్లకి సొంత వ్యాన్‌లో చేపలు తోలుతుంది. ఇవాళ మాత్రం జరీ బట్ట కట్టుకుని, మెళ్లో మూడు గొలుసులతో, మగపెళ్లివారి తరఫున కాపలాగా వచ్చింది.

"ఏం లేదు వదినగారూ. బండికి కాస్త ఊపిరి తీసుకోనిద్దామని."

"బాగా తీసుకుంటున్నట్టుంది. గురక కూడా లేదు."

పెళ్లికొడుకు హెంద్రిజల్ ఆవిడ పక్కనే ఉన్నాడు. ఎర్ర మఖ్మల్ చొక్కా, దానిమీద బంగారు పువ్వులు, తలమీద జరీ పాగాతో బొమ్మలా కూర్చుని, ఆగిపోయిన ఇంజిన్ని చెవులు రిక్కించి వింటున్నాడు. రేవు దగ్గర అతనికి డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డు ఉంది. పడవ ఇంజిన్ అయినా, లారీ అయినా, శబ్దం విని జబ్బు చెప్పేస్తాడు.

"డీజిల్ అందట్లేదు మావయ్యగారూ," అన్నాడు మెల్లిగా. "ఫిల్టర్ పూడుకుపోయింది. పక్కకి తప్పుకోండి, నేను చూస్తాను." తలుపు మీద చెయ్యి వేశాడు.

ఆ చేతిమీద ఫట్‌మని ఒకటి పడింది.

"కూర్చో!" అంది రొస్నిదార్. "పెళ్లికొడుకువిరా నువ్వు. ఇవాళ ఒక్కరోజు రాజువి. గోరింట పెట్టిన చేత్తో రెంచి పడతావా? నిన్ను తీసుకెళ్లడానికి వచ్చింది వాళ్లు. తిప్పలు వాళ్లవి."

మాస్టారికి కోపం రావలసింది, కానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ తీరంలో పెళ్లికొడుకు తనంతట తాను రాడు. ఆడపెళ్లివారే బంగారం పట్టుకెళ్లి, తాంబూలం పళ్లెం ముందు పెట్టి, అడిగి తెచ్చుకోవాలి. తెచ్చే బాధ్యత మేనమామది. పెళ్లికూతురు నెల్వియాకి ఉన్న ఒకే ఒక్క మేనమామ జమాలుస్ మాస్టారు. వేరే కారు పెడతామని అందరూ అన్నా, "నా బండి ఉండగానా?" అని నలభైమంది ముందు తొడగొట్టింది కూడా ఆయనే.

ఆడవాళ్లూ తాంబూలం పళ్లెమూ ఉన్న రెండో కారు ఎప్పుడో ముందుకెళ్లిపోయింది. ఫోన్ చేస్తే, సంత రద్దీ దాటి వెనక్కి రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. దారిన పోయేవన్నీ మోటారుసైకిళ్లే. ఉపవాసాలకి ముందు నిమ్మకాయలు పట్టుకుని ఏటి స్నానాలకి పోయే జనం.

"ఓ మోటారుసైకిల్ ఆపి..." అని మాస్టారు మొదలుపెట్టారు.

"ఆపండి ఆపండి," అంది రొస్నిదార్. "మా పిల్లాణ్ని బియ్యం బస్తాలా వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లండి. పాగా గాలికి చేలో పడితే మీరు దిగి ఏరుకుందురుగాని. ఏడు తరాలు చెప్పుకుంటారు."

మాస్టారు కోటు విప్పి బానెట్ ఎత్తారు. లోపల చాలా ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఆయన ఈ బండిని రోజూ పొద్దున్నే తుడుస్తున్నారు. అద్దంలో మొహం కనిపించకపోయినా దాని తలుపులో కనిపిస్తుంది. అయితే బానెట్ కింద సంగతి వేరు. దానితో ఆయన పరిచయం పెంచుకోలేదు.

"మావయ్యగారూ," కిటికీలోంచి హెంద్రిజల్ అన్నాడు, "కొన్నాళ్లుగా మీటర్ దగ్గర పసుప్పచ్చ దీపం ఏదైనా వెలుగుతోందా?"

మాస్టారు బానెట్ కిందికి ఇంకాస్త వంగారు. రొస్నిదార్ ముందుకి వంగి, మీటర్ పక్కన అంటించి ఉన్న ప్రయాణ ప్రార్థన స్టిక్కర్ని గోటితో మెల్లిగా ఎత్తింది. కింద దీపం నిక్షేపంలా వెలుగుతోంది.

"ఎన్నాళ్లయింది?"

"కళ్లల్లో గుచ్చుకుంటోందని..." అని మాస్టారు గొణిగారు. "ఎనిమిది నెలలు."

"ఫిల్టర్లో నీళ్లు చేరాయని చెప్పే దీపం అది," అన్నాడు హెంద్రిజల్. నవ్వు ఆపుకోవడానికి పాగా సర్దుకున్నాడు.

"పాపం, ప్రార్థన కూడా ఎన్నాళ్లని మోస్తుంది!" అంది రొస్నిదార్.

అప్పుడు వాసన వచ్చింది. వాసన తర్వాత లారీ వచ్చింది. నిండా కోళ్ల ఎరువు వేసుకుని కొండమీది కూరగాయల తోటలకి పోతున్న చిన్న లారీ. డ్రైవర్ తల బయటపెట్టి, మాస్టారిని చూసి, బ్రేకు కొట్టాడు.

"మాస్టారూ! నేనండీ, ఎరిజోన్ని! ఆఖరి బెంచీ!"

ముప్పై ఏళ్లు బడి నడిపిన మనిషికి ఆ జిల్లాలో తెలియని డ్రైవర్ ఉండడు. మాస్టారికి బెంచీ గుర్తొచ్చింది. లెక్కలు రానందుకు వీణ్ని ఎండలో నిలబెట్టిన రోజు కూడా గుర్తొచ్చి, చూపు తిప్పుకున్నారు.

"'నువ్వు పేడబండి తోలడానికి తప్ప పనికిరావురా' అనేవారు," అన్నాడు ఎరిజోన్ సంతోషంగా దిగుతూ. "మీ మాట తప్పలేదు మాస్టారూ. ఎక్కండి, పెళ్లికొడుకుని నా బండిలో దించేస్తాను."

రొస్నిదార్ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

"స్పేర్ ఫిల్టర్ ఉందా అన్నా?" కిటికీలోంచి హెంద్రిజల్ అడిగాడు. "నీ ఇంజినూ ఇదీ ఒకటే కంపెనీ. అదే సరిపోతుంది."

"స్పేర్ లేకుండా ఏ లారీవాడు తిరుగుతాడు బాబూ? సీటు కిందే ఉంటుంది. డీజిల్ క్యాన్ కూడా ఉంది." ఎరిజోన్ చేతులు చాచి చూపించాడు. మోచేతులదాకా ఎరువు. "నేను మాత్రం ముట్టుకోను. ఫిల్టర్లో ఒక్క పలుకు పడితే పంపు పోతుంది."

అలా అందరి చూపూ మాస్టారి మీదకి వచ్చింది. శుభ్రమైన చేతులు ఆయనవే.

పది దాటి పది నిమిషాలు.

"చొక్కా చేతులు మడవండి మావయ్యగారూ," అన్నాడు హెంద్రిజల్. అతని గొంతు మారింది. కిటికీలోంచి చూస్తే అతను ఇక పెళ్లికొడుకులా లేడు, షెడ్డులో ఉన్నట్టే ఉన్నాడు. "ఎడమవైపు, ఇంజిన్ వెనక రేకు పక్కన నల్ల డబ్బా కనిపిస్తోందా? కొబ్బరికాయంత ఉంటుంది. అదే. ముందు అడుగున ఉన్న మర వదులు చేసి నీళ్లు కారనివ్వండి."

మాస్టారు వదులు చేశారు. నీళ్లు కారాయి. నీళ్ల వెనకే మడ్డి జారింది. పాడైన పెరుగులా జిగట, నల్లగా.

"యా అల్లా," అన్నారు మాస్టారు. "ఇది నా బండిదేనా?"

"పైన తుడిచింది తుడిచినట్టే ఉంది, లోపల పెరిగింది పెరిగినట్టే ఉంది," అన్నాడు హెంద్రిజల్. "మీరు ట్యాంకు ఎప్పుడూ అడుగునే ఉంచుతారు కదూ? ఖాళీలో తడిగాలి చేరుతుంది, చెమ్మ దిగుతుంది. ఇప్పుడు డీజిల్లో పామాయిల్ కలుస్తోందిగా, అది నీళ్లని వదలదు. ఆ తడిలో ఈ పాచి పుడుతుంది. ఇప్పుడు డబ్బాని విప్పండి."

డబ్బా కదల్లేదు. ఎనిమిదేళ్లుగా దాన్నెవరూ కదపలేదు.

"బెల్టు తీయండి."

"ఏం తీయాలి?"

"లుంగీ మీది బెల్టు మావయ్యగారూ. డబ్బా చుట్టూ బిగించి, గుంజి తిప్పండి."

రొస్నిదార్ మర్యాదగా అటువైపు తిరిగి వరిచేలు చూసింది. "లుంగీ గట్టిగా కట్టుకున్నారుగా అన్నయ్యగారూ? పెళ్లికి మేమే నయం, కట్టుకున్నది జారదు."

మాస్టారు పళ్లు బిగించి గుంజారు. డబ్బా కిర్రుమంది, తిరిగింది, ఊడింది, అందులో మిగిలింది ఆయన మోచేతి దాకా కారింది. ఎరిజోన్ చప్పట్లు కొట్టాడు. కొత్త ఫిల్టర్‌ని క్యాన్‌లోని శుభ్రమైన డీజిల్‌తో నింపించాడు హెంద్రిజల్. రబ్బరు చుట్టుకి వేలితో డీజిల్ రాయించాడు. చేత్తో బిగించమన్నాడు. మాస్టారు మళ్లీ బెల్టు అందుకోబోయారు.

"వద్దు! చెయ్యి చాలు. ఎక్కువ బిగిస్తే రబ్బరు తెగి గాలి లాగుతుంది. ఇప్పుడు నెత్తిమీద బొత్తాం ఉంది చూడండి, చేతిపంపు. ఎయిర్ పోవాలి. నొక్కండి. గట్టిపడేదాకా నొక్కండి."

"ఎన్నిసార్లు?"

"లెక్క మీకే వస్తుందిగా మాస్టారూ," అన్నాడు ఎరిజోన్.

డెబ్భై నాలుగో నొక్కుకి బొత్తాం గట్టిపడింది. మాస్టారు లోపలికి ఎక్కి సెల్ఫ్ కొట్టారు. ఇంజిన్ రెండుసార్లు గునిసి, తెల్లటి పొగ వదిలి, అందుకుంది. ఆయన జీవితంలో అంత తియ్యటి చప్పుడు విని ఎరగరు. ఎరిజోన్‌కి చెయ్యి ఊపి, కోటు కూడా వేసుకోకుండా గేరు మార్చారు.

"చూశారా వదినగారూ! ఇంతేనా మెకానిజం అంటే? ఇందులో ఏముంది!"

అద్దంలో చూస్తే రొస్నిదార్ కిటికీ బయటికి చూస్తోంది. ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి. ఆయనకి నిశ్చితార్థం నాటి మాట ఒకటి గుర్తొచ్చింది. "మీ అబ్బాయి అన్నం ముందు ఏ సబ్బుతో చేతులు కడుగుతాడండీ, బట్టల సబ్బా?" అని అందరి ముందూ అడిగారు ఆయన. నెల్వియా ప్రభుత్వాసుపత్రిలో కాన్పులు చేసే నర్సు. చదువుకున్న పిల్ల. గ్రీజు పిల్లాడు ఎందుకని ఆయన ఆరు నెలలు అడ్డం పడ్డారు. ఆ రోజు అందరూ నవ్వారు. ఈవిడ నవ్వలేదు.

మూడు కిలోమీటర్లు. ఇంజిన్ మళ్లీ దగ్గింది. మళ్లీ ఆగింది.

పదిన్నర.

ఫోన్ మోగింది. నెల్వియా. "మావయ్యా, ఎక్కడున్నారు? ఆఫీసర్‌గారు మూడో కప్పు టీ తాగేశారు. నాలుగోది తాగనంటున్నారు."

"వచ్చేస్తున్నాం అమ్మడూ, దారిలో చిన్న..."

"బండి ఆగిందా? పోయిన పండక్కే చెప్పాను కదా ఫిల్టర్ మార్చు మావయ్యా అని! 'తుడుస్తున్నాగా' అన్నావు!"

మాస్టారు ఫోన్ సీటు మీద పెట్టేసి కిందికి దిగారు. హెంద్రిజల్ చెప్పినట్టు ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పి, నోటితో బలంగా ఊదారు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లు తేలాయి, ట్యాంకులో గుడగుడమంది. వెంటనే మళ్లీ పూడుకుపోయింది. నోట్లోకి వచ్చిన డీజిల్‌ని గట్టుమీద ఉమ్మేసి పెళ్లికొడుకు వైపు చూశారు.

"ట్యాంకు లోపలి జల్లెడే పాచి పట్టేసింది," అన్నాడు హెంద్రిజల్. తలుపు తీసేశాడు. ఈసారి ఒక కాలు నేలమీద పెట్టాడు. "పిన్నీ, చాలు. మఖ్మల్ పోతే పోయింది. నెల్వియా అక్కడ కూర్చుని ఉంది. ఐదు నిమిషాలు నాకివ్వు."

రొస్నిదార్ నోరు తెరిచింది. కానీ ముందు పలికింది మాస్టారు.

"కాలు లోపల పెట్టు."

"మావయ్యగారూ..."

"నిన్ను అడిగి తెచ్చుకుంటున్నాను. నీ అంతట నువ్వు రావట్లేదు. నువ్వు చేతికి మసి పూసుకుని నా గుమ్మం ఎక్కితే నేను తెచ్చినట్టు కాదు. చెప్పు. ఏం చెయ్యాలో చెప్పు, నేను చేస్తాను."

హెంద్రిజల్ ఆయన్ని ఒక్క క్షణం చూశాడు. కాలు లోపల పెట్టుకున్నాడు.

"ట్యాంకుని వదిలేద్దాం. ఒక క్యాన్ డీజిల్, రెండు గొట్టాలు కావాలి. ఒకటి క్యాన్ నుంచి ఫిల్టర్‌కి, ఇంకోటి పంపు నుంచి తిరిగి క్యాన్‌లోకి."

"క్యాన్ ఎక్కడ తేను ఈ చేలల్లో?"

వాసన వచ్చింది.

"మళ్లీ ఆగుతారని తెలుసు మాస్టారూ!" లారీ ఆపుతూ అరిచాడు ఎరిజోన్. "అందుకే నింపాదిగా వచ్చాను!"

ఈసారి మాస్టారి చేతులు తడబడలేదు. లారీలోంచి ఇచ్చిన గొట్టాలు కోసి, ఇనప తీగతో బిగించి, బానెట్ సందులోంచి, కిటికీలోంచి లోపలికి తెచ్చి క్యాన్‌లో దించారు. బానెట్‌ని తాడుతో కట్టారు. చేతిపంపు నొక్కారు. ఇంజిన్ అందుకుంది.

"క్యాన్ ఎత్తులో ఉండాలి," అన్నాడు హెంద్రిజల్. "ఇంజిన్ కంటే పైన. కిందికి దిగితే గాలి పట్టేస్తుంది. ఎవరైనా భుజం మీద పట్టుకుని కూర్చోవాలి."

మాస్టారు క్యాన్ భుజానికెత్తుకున్నారు. రెండు చేతులూ దానికే సరిపోయాయి. అప్పుడు అందరికీ ఒకేసారి తోచింది. బండి ఎవరు తోలాలి?

ఎరిజోన్ తన లారీని రోడ్డు మధ్యలో వదిలి రాలేడు. పెళ్లికొడుకు స్టీరింగ్ పడితే తనంతట తాను వచ్చినట్టే. మిగిలింది ఒక్క మనిషి.

"వదినగారూ," అన్నారు మాస్టారు.

"నేనా?" రొస్నిదార్ గొలుసులు సవరించుకుంది. "నేను తోలితే మా పిల్లాణ్ని మేమే తెచ్చి దించినట్టు అవదూ?"

"మీరు తోలుతున్నది ఈ క్యాన్ మోసేవాణ్ని అనుకోండి. పిల్లాణ్ని నేను తెస్తున్నాను."

"బాగానే ఉంది." ఆవిడ సీటుమీది ఫోన్ అందుకుంది. అది ఇంకా ఆన్‌లోనే ఉంది. స్పీకర్ నొక్కింది. "ఒక్క మాట చెప్పండి ముందు. మా వాడి పని గొప్పదని. పిల్ల వినేట్టు."

"టైమవుతోంది వదినగారూ!"

"అందుకే త్వరగా చెప్పండి."

పది గంటల నలభై మూడు. క్యాన్ భుజాన్ని కోస్తోంది. మాస్టారు మసి పట్టిన తన మోచేతుల్ని, తాడుతో కట్టేసిన బానెట్‌ని చూశారు. ఈ గంటలో ఆయనకి చెమట పట్టింది, భయం పట్టింది. ఆ కుర్రాడు మాత్రం ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

"నెల్వీ," అన్నారు ఫోన్‌లోకి. "నీకు కాబోయేవాడు కదలకుండా కూర్చుని, నాలాంటి దద్దమ్మ చేత ఇంజిన్ బాగుచేయించాడు. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను గానీ ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. వాడి పని గొప్పది. నేను అన్నది తప్పు."

"మావయ్యా, నీ ఒంట్లో బాగానే ఉందా?" అంది నెల్వియా.

రొస్నిదార్ చెప్పులు విప్పి స్టీరింగ్ ముందు కూర్చుంది.

ఆ తర్వాత ఎనిమిది కిలోమీటర్లూ మాస్టారు పళ్లు బిగబట్టి కూర్చున్నారు. మాట్లాడితే నాలుక కరుచుకుంటారు. చేపలు మెత్తబడకముందే కొండెక్కించే మనిషి ఎలా తోలుతుందో ఆయనకి ఆ పూట తెలిసింది. ఏటి స్నానాల మోటారుసైకిళ్ల మధ్యనుంచి సూదిలా దూరింది. రైలు గేటు దించుతున్నారు. దిగుతున్న కర్ర కిందనుంచి జారిపోయింది. గేటువాడు తిట్టాడు, ఆవిడ బదులు తిట్టింది. మలుపులో క్యాన్ ఒరిగి ఇంజిన్ గునిసింది.

"పైకి మావయ్యగారూ, పైకి!"

"ఎత్తాన్రా!"

క్యాన్ ఆయన నెత్తిమీదకి చేరింది. డీజిల్ చెవి వెనకనుంచి మెడలోకి సన్నగా కారింది.

"తాంబూలం పళ్లెం మోస్తున్నట్టే ఉన్నారు," అంది రొస్నిదార్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మసీదు ముందు ఆగేసరికి పదకొండూ రెండు. అధికారి ఒక చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం వెతుక్కుంటున్నాడు. ఆ చెప్పు మీద అమాయకంగా నిలబడి ఉంది నెల్వియా, బంగారు కిరీటంతో, తల వంచుకుని.

వ్యాన్ తలుపు తెరుచుకుంది. ముందు పెళ్లికొడుకు దిగాడు. మఖ్మల్ మీద ఒక్క చుక్క లేదు. చేతుల్లో గోరింట ఎర్రగా మెరుస్తోంది. అతని వెనక, నెత్తిన క్యాన్‌తో, మసి మొహంతో మేనమామ దిగారు.

"తెచ్చాను," అన్నారు ఆయన.

అధికారి ఇద్దర్నీ చూశాడు. గడియారం చూశాడు. "వీళ్లిద్దరిలో పెళ్లికొడుకెవరో చెప్పండి, త్వరగా కానిద్దాం," అని వేసుకున్న చెప్పు విడిచేశాడు.

పదకొండుంపావుకి పెళ్లయిపోయింది.

మధ్యాహ్నం వధూవరులు బంగారు పందిరిలో బొమ్మల్లా కూర్చున్నారు. అతిథులు వరసకట్టి పలకరిస్తున్నారు. కిందికి దిగకూడదు, పక్కకి తిరగకూడదు. అంతలో స్నానం చేసినా డీజిల్ వాసన వదలని జమాలుస్ మాస్టారు వరసని తప్పించుకుని పందిరెక్కి, పెళ్లికొడుకు చెవి దగ్గర వంగారు. కింద భోజనాల దగ్గర జనం ఒకరినొకరు పొడుచుకున్నారు. మేనమామ అల్లుడికి కుటుంబ మర్యాదలు బోధిస్తున్నాడన్నారు. ఎరిజోన్‌కి దూరంగా ఒక బల్ల వేశారు. వాడు అక్కణ్నుంచే తల ఊపాడు.

"ట్యాంకు దించాలంటే ముందు పట్టీలు విప్పాలా, పైపులా?" అని అడుగుతున్నారు మాస్టారు.

"పైపులు మావయ్యగారూ. అంతకన్నా ముందు పాత డీజిల్ పూర్తిగా తోడేయండి. కానీ మీరెందుకు, మూడ్రోజులాగితే నేనే..."

"మూడ్రోజులు నువ్వు అల్లుడివి. పెరట్లోకి కుర్చీ వేయిస్తాను, కూర్చుని చెబుదువుగాని. జల్లెడ దేనితో కడగాలి?"

హెంద్రిజల్ పెదవులు కదపకుండా చెబుతున్నాడు. మాస్టారు జేబులోంచి పెళ్లికార్డు తీసి వెనకవైపు రాసుకుంటున్నారు.

"మావయ్యా," అంది నెల్వియా, నవ్వు మొహం చెదరనివ్వకుండా, ఫోటోగ్రాఫర్ వైపే చూస్తూ. "మా ఇద్దరి మధ్యనుంచి కొంచెం జరుగుతావా?"

"ఒక్క నిమిషం ఉండమ్మడూ," అన్నారు మాస్టారు. "వాషర్ల సైజు చెబుతున్నాడు."